నీళ్ళు పోసి చూసిన వీధి

1986 ఏప్రిల్ 12, శనివారం నాడు శ్రీ తుమ్మలపల్లి గంగాధరరావు గారు మస్కట్‌లో అల్ ఖువైర్‌లోని మన సంస్థలో, రహదారుల విభాగంలో, డ్రైనేజీ ఇంజనీరుగా చేరారు. 1999 జూన్ 30న పురావస్తు నమోదు విభాగంలో ముఖ్య సర్వేయరుగా పదవీ విరమణ చేస్తున్నారు. రహదారుల విభాగంలో చేరిన ఉద్యోగి పురావస్తు విభాగం నుంచి విరమించడం మన సంస్థలో ఇదే మొదలు. ఆ మార్పు ఎలా జరిగిందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. వ్యాసం సంగతి చెప్పినప్పుడు గంగాధరరావు గారు ఒక షరతు పెట్టారు. పొగడ్త వద్దు, జరిగింది రాయండి అన్నారు. ఆ షరతుకు లోబడి రాస్తున్నాం.

ఆయన స్వస్థలం పశ్చిమ గోదావరి జిల్లా కొవ్వూరు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, ప్రభుత్వ సర్వీసులో చేరి, ఇరవై ఏళ్ళకు పైగా గోదావరి డెల్టాలో కాలువల మీద పనిచేశారు. డెల్టాలో కాలువలు రెండు రకాలు. పంట కాలువ నీటిని పొలానికి తెస్తుంది. మురుగు కాలువ పొలం వదిలిన నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. ఈ రెంటికీ తేడా తెలియని ఇంజనీరు అక్కడ ఒక్క వర్షాకాలం కూడా ఉద్యోగం చేయలేడు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

మస్కట్‌కు వచ్చాక మొదటి మూడేళ్ళూ ఆయన తీర రహదారుల మీద పనిచేశారు. ఆ పనిలో తరచూ ఎదురయ్యేది ఫలజ్. కొండపాదాల నుంచి ఖర్జూర తోటలకూ ఊళ్ళకూ నీరు తెచ్చే రాతి కాలువను ఇక్కడ ఫలజ్ అంటారు. కొత్త రోడ్డుకు ఫలజ్ అడ్డు వస్తే ఏం చేయాలో మన విభాగంలో ఒక పద్ధతి స్థిరపడి ఉంది. ఊరిలో ఫలజ్ చూసుకునే పెద్దను పిలిచి అడగాలి. అది పారుతున్నదైతే రోడ్డు ఎత్తు మార్చాలి. ఎండిపోయినదైతే పైపలకలు తీసి, కల్వర్టు పోసి, రోడ్డు ముందుకు నడపాలి. గంగాధరరావు గారు ఈ పద్ధతిని చాలా చోట్ల పాటించారు, ఎక్కడా ఫిర్యాదు రాలేదు. రాతి పలకల కింద కాలువ కనిపిస్తే అది ఫలజే అని ఆయనే కాదు, మన విభాగమంతా అనుకునే స్థితి వచ్చింది.

1989 నవంబరులో, బాతినా తీరంలోని ఖోర్ మర్జాన్ అనే పల్లె పక్కన కాంట్రాక్టు కంపెనీ మనుషులు రోడ్డుకు నేల చదును చేస్తుండగా రాతి పలకల వరుస బయటపడింది. కింద కాలువ ఉంది. ఊరి పెద్ద వచ్చి చూసి, ఇది మాది కాదు, ఇందులో నీళ్ళు పారగా మా తాతలు కూడా చూడలేదు అని చెప్పి వెళ్ళాడు. గంగాధరరావు గారు దానిని ‘ఎండిన ఫలజ్’ అని నమోదు చేసి, సంతకం పెట్టి, కల్వర్టుకు అనుమతి ఇచ్చారు. రోడ్డు వెడల్పు మేర పలకలు లేపారు. మన విభాగంలో ఎవరు ఉన్నా అదే చేసేవారు. ఈ మాట సహోద్యోగులుగా మేము అంటున్నాం. ఆయన ఏనాడూ అనలేదు.

కాంక్రీటు పోసే ముందు కాలువలో ట్యాంకరుతో నీళ్ళు పోయించి వాలు చూడడం డెల్టా నుంచి ఆయనతో వచ్చిన అలవాటు. మిగతా ఇంజనీర్లు లెవెల్ యంత్రంతో సరిపెట్టుకునేవారు. తాగడానికి పనికొచ్చే నీళ్ళను ఎండు కాలువలో పోయించడం సైట్‌లో ఎవరికీ నచ్చేది కాదు. ఆ రోజు కూడా నచ్చలేదు. ఫోర్‌మన్‌గా ఉన్న శ్రీ భూమేశ్‌ది జగిత్యాల ప్రాంతం. ఆయన ఈ వ్యాసం కోసం ఆ పూట జరిగిన సంభాషణను గుర్తు చేసుకున్నారు.

“సార్, నీళ్ళు ఉల్టా పోతున్నయ్. తోట అటుంటే ఇవి సముద్రం దిక్కు ఉరుకుతున్నయ్. మీ లెవెల్ తప్పింది గావచ్చు, మళ్లొకసారి చూడుండ్రి.”

“రెండుసార్లు చూశానయ్యా.”

“మరి కట్టినోడు తప్పు కట్టిండా?”

“ఇంత పని చేసినవాడు వాలు తప్పు పెడతాడా? టార్చి ఇటివ్వు.”

గంగాధరరావు గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి కాలువలోకి దిగారు. పలకలు లేపని వైపు కొంత దూరం పాకి వెళ్ళి, బయటకు వచ్చి, బట్టల మట్టి దులుపుకోకుండానే కాంక్రీటు ఆపించమన్నారు. కాలువకు రెండు వైపులా, గోడలో, కాల్చిన మట్టి గొట్టాలు అమర్చి ఉన్నాయి. అవి ఇళ్ళ వాడకం నీళ్ళు వచ్చి పడే గొట్టాలు. తాను తాగే నీటిలోకి ఇంటి మురుగు వదిలే ఊరు ఉండదు. అంటే అది ఫలజ్ కాదు, మురుగు కాలువ. రెండు వైపులా ఇళ్ళు ఉండి, నడుమ మురుగు కాలువ ఉండి, దాని మీద పలకలు పరిచి ఉంటే దానిని వీధి అంటారు. తాము లేపించినది ఒక నగర వీధిని.

“సార్, బండి బయల్దేరింది. అర్ధగంటల ఇక్కడుంటది. కాంక్రీటును జేబుల పెట్టుకోమంటరా?” అని భూమేశ్ అడిగారు.

“లేబర్ క్యాంపులో స్నానాల దగ్గర బురదగా ఉందని మన కూలీ నర్సయ్య ఎప్పట్నుంచో అడుగుతున్నాడు కదా. అక్కడ నేల వేసుకోండి.”

క్యాంపులో స్నానాల దగ్గరకు సిమెంటు నేల అలా వచ్చింది.

మరునాడు రహదారుల విభాగాధిపతి శ్రీ రఘుపతి గారు మస్కట్ నుంచి సైట్‌కు వచ్చారు. అక్కడ జరిగిన సంభాషణను ప్రచురించవచ్చునా అని అడిగినప్పుడు, ఇప్పుడు హైదరాబాదులో విశ్రాంత జీవితం గడుపుతున్న రఘుపతి గారు, “నేనన్నది నేనన్నట్టే వెయ్యండి, నన్ను మంచివాణ్ని చేయకండి” అని ఫోనులో చెప్పారు.

“రావు గారూ, మొన్న మీరే ఫలజ్ అని సంతకం పెట్టారు. ఇవాళ వీధి అంటున్నారు. రేపు రాజుగారి కోట అంటారా?”

“కోట సంగతి నాకు తెలీదండి. ఫలజ్ మాత్రం కాదు.”

“ఎన్నేళ్ళ కిందటి వాళ్ళో, వాళ్ళకు శుభ్రం తెల్వకపోవచ్చు. తాగే నీళ్ళల్లోనే మురుగు కలుపుకున్నరేమో.”

“మా డెల్టాలో పంట కాలవలోకి మురుగు వదిలితే ఊరు ఊరంతా కర్రలుచ్చుకుని వస్తుందండి. ఏ కాలంలోనైనా అంతే.”

“సరే, వీధే. కల్వర్టు పోసి మీద రోడ్డు వేస్తే కింద భద్రంగనే ఉంటది కదా? మట్టి కింద ఇన్నేళ్ళు ఉండలేదా?”

“రోలరు ఎక్కితే ఆ మట్టి గొట్టాలు నిలవవండి.”

రఘుపతి గారు అప్పుడు అసలు సంగతికి వచ్చారు. రోడ్డు దారి మార్చాలంటే పని నెలల తరబడి ఆగుతుంది, కంపెనీ మన సంస్థను తప్పు పడుతుంది, సంస్థ సంతకం పెట్టినవారిని తప్పు పడుతుంది.

“మీ కాంట్రాక్టు డిసెంబరుతో అయిపోతది. అమ్మాయి పదో తరగతి పరీక్షలు మార్చిల ఉన్నయ్. వీసా లేకుండ పరీక్ష ఎట్ల రాస్తది? ఆలోచించుకున్నారా?”

“ఆలోచించానండి.”

“ఏమని?”

“నమోదు తప్పుగా రాశానని ఇవాళ్టి తేదీతో రాసిస్తాను. పురావస్తువులు చూసే మంత్రిత్వ శాఖకు మీరు పంపినా సరే, నన్ను పంపమన్నా సరే.”

రఘుపతి గారే పంపారు. ఆ సంగతి కూడా రాయాలని గంగాధరరావు గారు కోరారు.

మస్కట్‌లో, ఖురంలోని ఇంటికి తిరిగి వెళ్ళిన రోజు ఏం జరిగిందో శ్రీమతి దమయంతి గారు చెప్పారు. “చెప్పులు విప్పుతూనే, తప్పు రాశాను అన్నారు. ఎవరి తప్పండీ అన్నాను. నాదే అన్నారు. అయితే దిద్దుకోండి, పిల్ల పరీక్ష సంగతి నాకొదిలేయండి అన్నాను. ఆ మాట అనేశానేగానీ నాకూ ఏం తోచలేదు. స్కూలు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ వెళ్ళాను. మూడోసారి నన్ను చూడగానే ఆయన, అమ్మా, వీసా ఉన్నా లేకపోయినా హాల్ టికెట్ ఇప్పిస్తాను, మీరు మాత్రం రాకండి అన్నారు.”

మంత్రిత్వ శాఖ అధికారులు వచ్చారు. వారితో వచ్చిన ఇటలీ పరిశోధకురాలు కాలువ పక్కన మట్టిలో దొరికిన కూజా చెవులను పరీక్షించి, అవి రోమన్ సామ్రాజ్య కాలంలో మధ్యధరా తీరం నుంచి సరుకు తెచ్చిన కూజాలవని నిర్ధారించారు. ఖోర్ మర్జాన్ రోము నగరం కాదు. రోముతో వర్తకం చేసిన రేవు పట్నం. రోడ్డు పని ఆగింది. దారి మార్చి, వీధిని తప్పించి, వంపుతో కొత్త రోడ్డు వేశారు. ఆ వంపు ఎందుకు ఉందో తెలియని డ్రైవర్లు దానిని వేసిన ఇంజనీరును ఇప్పటికీ తిడుతూనే ఉంటారు.

పరిశోధకురాలు అడిగిన మొదటి ప్రశ్న, లేపిన పలకలు ఏవి అని. అవి రోడ్డు పక్కన పేర్చి ఉన్నాయని అందరూ అనుకున్నారు. వెళ్ళి చూస్తే కొన్ని లేవు. వాటికోసం గంగాధరరావు గారు లేబర్ క్యాంపుకు వెళ్ళారు. నునుపుగా, చదునుగా ఉన్న రాయి రోడ్డు పక్కన ఊరికే పడి ఉంటే క్యాంపులో దానికి పని దొరకకుండా ఉండదు. ఒక పలక మీద బట్టలు ఉతుకుతున్నారు. ఒకటి నీళ్ళ డ్రమ్ము కింద ఉంది. ఒకటి వంటమనిషి శ్రీ ఇనాయత్ ఆధీనంలో ఉంది. ఇనాయత్ నిజామాబాదు వాస్తవ్యులు.

“సాబ్, ఇది రొట్టెల బండ. రోమోళ్ళది ఎట్లయితది? పొద్దుగాల లేచి క్యాంపంతటికి రొట్టెలు దీని మీదనే చేస్త.”

“నీకంటే ముందు దీని మీద ఊరు ఊరంతా నడిచింది ఇనాయత్. గాడిదలు కూడా నడిచాయి.”

ఈ మాట వినగానే భోజనం చేస్తున్నవారు చేతులు ఆపారు. నర్సయ్య ముందుగా తేరుకున్నారు.

“గాడిదలు నడిచిన బండ మీదనా మాకు రొట్టెలు పెడుతున్నవ్ ఇనాయత్ భాయ్?”

“రోజు కడుగుత. నీ అంగి కన్న సాఫుంటది.”

“రొట్టెలు గట్టిగుంటే అడిగినోళ్ళకల్లా, బండ మంచిగ లేదు, నేనేం చేస్త అంటివి. ఇగ సార్ బండ తీస్కపోతడు. రేపటి సంది చూద్దం, తప్పు బండదా నీదా.”

ఇనాయత్ బండను ఇవ్వడానికి ఒప్పుకోకపోవడానికి అసలు కారణం అదేనని భూమేశ్ అభిప్రాయం. చివరకు గంగాధరరావు గారు రువీ బజారు నుంచి ఒక చలువరాయి ముక్కను తెచ్చి ఇచ్చి పలకను తీసుకున్నారు. బట్టల బండకు నర్సయ్య ఒక హామీ అడిగారు. “బండ తీస్కపోండ్రి సార్. గని స్నానాల కాడ పోసిన నేల కూడ వీధి కిందికొస్తదని తవ్వొద్దు.” ఆ హామీ ఇచ్చారు, నిలబెట్టుకున్నారు. రొట్టెలు ఆ తర్వాత మెత్తబడలేదని తెలిసింది.

డిసెంబరులో గంగాధరరావు గారి కాంట్రాక్టును సంస్థ ఒక ఏడాదికే పొడిగించింది. రహదారుల విభాగం నుంచి తప్పించి, అప్పుడే ఏర్పడిన పురావస్తు నమోదు విభాగానికి, ఒక మెట్టు కింద హోదాలో బదిలీ చేసింది. వారు ఖురంలోని ఇల్లు వదిలి అల్ ఖౌద్‌లో చిన్న ఇంటికి మారారు. పదోన్నతి జాబితాలో ఆయన పేరు తిరిగి రావడానికి 1996 దాకా పట్టింది. ఇది సంస్థ సంచిక అయినందున ఈ వాక్యాలు వదిలేస్తే బాగుంటుందేమోనని సంపాదక వర్గంలో చర్చ జరిగింది. వదిలేస్తే మిగతాది అర్థం కాదని ఉంచడం జరిగింది. వారి అమ్మాయి చిరంజీవి అక్షర 1990 మార్చిలో పరీక్ష రాసి, ఉత్తీర్ణురాలై, ఇప్పుడు మస్కట్‌లోనే ఒక బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నారు.

కొత్త విభాగంలో ఆయన తొమ్మిదేళ్ళకు పైగా విధులు నిర్వర్తించారు. ఖోర్ మర్జాన్ వీధిని సముద్రం వైపు చివర నుంచి కొండ వైపు చివర దాకా కొలిచారు. వీధి పలకలు, వాటి అంచున కాలిబాట రాళ్ళు, కింద మురుగు కాలువ, కాలువ శుభ్రం చేయడానికి మనిషి దిగే చోట పెట్టిన మూతరాళ్ళు, ఇంటింటి నుంచి వచ్చే మట్టి గొట్టాలు, వీధి చివర మురుగు ఇసుకలోకి ఇంకే గుంట, వీటన్నిటికీ ఆయన గీసిన పటాలే ఇప్పుడు ఆధారం. గొట్టాల ఎత్తును బట్టి ఏ ఇల్లు ముందు కట్టారో, ఏది తర్వాత కట్టారో చెప్పవచ్చునని చూపించారు. తర్వాత కట్టిన ఇళ్ళవారు పాత గొట్టం కిందుగా కొత్తది పెట్టలేక పైనుంచి పెట్టుకున్నారు. ఒక ఇంటివారు పక్కింటి గొట్టంలోనే తమది కలిపేశారు. వారిద్దరికీ తగాదా వచ్చి ఉంటుందని గంగాధరరావు గారి ఊహ. ఊహ అని పటం పక్కన రాయించారు.

1993లో సంస్థ ఆయనను మూడు వారాలపాటు జోర్డాన్‌లోని జెరాష్‌కు పంపింది. అది రోమన్ పాలనలో ఉన్న నగరం. అక్కడి ప్రధాన వీధి పలకల కింద కూడా మురుగు కాలువ ఉంది. పలకల నడుమ మూతలు ఉన్నాయి. వీధి పక్కన వాన నీరు కిందికి దిగే కన్నాలు ఉన్నాయి. పలకల మీద బండి చక్రాలు వేసిన గాడులు ఉన్నాయి. తిరిగి వచ్చి కార్యాలయంలో చేసిన ప్రసంగంలో ఆయన పోలికలతో పాటు తేడాలూ చెప్పారు. ఖోర్ మర్జాన్‌లో చక్రాల గాడులు లేవు. సరుకు జంతువుల మీదే వెళ్ళి ఉంటుంది. ఇక్కడి వీధి కట్టినవారు రోమన్లను చూసి నేర్చుకున్నారా అని ఒకరు అడిగారు. “వాన పడితే నీళ్ళు ఎటు పోతాయో చూసినవాడు ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదండి. వాళ్ళు ముందు మురుగు కాలవ తవ్వి, తర్వాత వీధి వేశారు. మనం రోడ్డు వేశాక, మర్చిపోయామని మళ్ళీ తవ్వుతాం. తేడా అంతే” అన్నారు. రహదారుల విభాగం వారు కూడా నవ్వారు.

మన సంస్థలో ఈనాడు పాటిస్తున్న ఒక నియమం ఆయన వల్ల వచ్చింది. ఏ కాలువకైనా పేరు పెట్టే ముందు అందులో నీళ్ళు పోయాలి. ఎటు పోతాయో చూశాకే పేరు రాయాలి. తొందరలో ఉన్న కొత్త సర్వేయర్లు దీనికి విసుక్కుంటారు. గంగాధరరావు గారు వారితో వాదించేవారు కారు. ట్యాంకరుకు ఫోను చేసి, అది వచ్చే దాకా నీడలో కూర్చుని టీ తాగేవారు.

కిందటి సంవత్సరం ఖోర్ మర్జాన్ వీధి సమగ్ర పటం ముద్రణకు సిద్ధమైంది. అప్పుడొక చర్చ వచ్చింది. 1989లో లేపిన పలకలను 1990లో తిరిగి పరిచారు. అంచులు కలిపి చూసి చాలావాటికి స్థానం నిర్ణయించగలిగారు. కొన్నింటికి నిర్ణయించలేకపోయారు. ఒక పలక క్యాంపు జనరేటరు కింద పోసిన దిమ్మెలో కలిసిపోయి దొరకనే లేదు. ఆ భాగాన్ని గంగాధరరావు గారు పటంలో చుక్కల గీతలతో వేశారు. మిగతా వీధి అంతా నిండు గీత. చూపరులకు పటం మధ్యలో ఒక పట్టీ చెరిగిపోయినట్టు కనిపిస్తుంది. ముద్రణ బాధ్యత చూస్తున్న శ్రీ సాయి కిరణ్ మర్యాదగానే అడిగారు.

“సార్, నేల మీద ఇప్పుడు పలకలు ఉన్నాయి కదా. నిండు గీతే వేద్దామండి. ఈ పుస్తకం మీ రిటైర్మెంట్ ఏడాదిలో వస్తోంది. అట్ట మీద కూడా ఈ పటమే.”

“ఉన్నాయి బాబూ. వాళ్ళు పెట్టిన చోట ఉన్నాయని చెప్పలేను. నేను పెట్టిన చోట ఉన్నాయి.”

“చదివేవాళ్ళకి అంత తేడా తెలియదు సార్.”

“చదివేవాడు రేపు అక్కడ తవ్వుతాడు. తెలియకపోతే నన్ను నమ్మి తవ్వుతాడు.”

పుస్తకం గత నెల విడుదలైంది. అట్ట మీద చుక్కల గీతలు అలాగే ఉన్నాయి. లోపలి పుటలో, ఆ భాగానికి ఇచ్చిన వివరణలో, పలకలు లేపించినవారు, తిరిగి పరిపించినవారు అని రెండు గడులు ఉన్నాయి. మొదటి గడిలో సంస్థ పేరు వేస్తే చాలునని యాజమాన్యం సూచించింది. గంగాధరరావు గారు అంగీకరించలేదు. రెండు గడుల్లోనూ టి. గంగాధరరావు అని ఉంది.

జూలై మొదటి వారంలో వారు దమయంతి గారితో కాకినాడకు ప్రయాణమవుతున్నారు. చలికాలంలో అక్షర దగ్గరకు వచ్చి కొన్నాళ్ళు ఉండాలని అనుకుంటున్నారు. ఆ దంపతులు ఆరోగ్యంతో చిరకాలం జీవించాలని, గంగాధరరావు గారి మోకాళ్ళు ఆయన మాట ఇంకా చాలా ఏళ్ళు వినాలని సహోద్యోగులందరి పక్షాన కోరుకుంటున్నాం. వచ్చిన ప్రతిసారీ వారు ఖోర్ మర్జాన్‌కు రావాలి, చుక్కల గీతల మేర మరోసారి నడవాలి. ఏదైనా పలక అక్కడిది కాదనిపిస్తే మాకు చెప్పాలి. తీసి మారుస్తాం.